పిల్లాడి రక్తం

భివండి మగ్గాల మీద పనిచేసి వచ్చిన మార్కండేయ ఎయిడ్స్‌తో చనిపోయేనాటికి అతని భార్య గంగమణికి ఎనిమిదో నెల. ఆమెకూ అదే జబ్బని తేలింది. కొడుకు పుట్టాక కామారెడ్డిలోని ఒక ల్యాబులో వాడి రక్తం కూడా తీశారు. పరీక్ష చేసినతను చీటీని రెండు వేళ్లతో బల్ల మీదికి విసిరి, "వీనికి గూడ ఉన్నది. తీస్కపో" అన్నాడు.

ఎల్లారెడ్డిలోని ఇంట్లో అత్త యాదవ్వ తల్లినీ బిడ్డనీ బర్రెల కొట్టంలోకి మార్చింది. తల్లిపాలు పట్టొద్దని డాక్టరు చెప్పడంతో, డబ్బాపాల కోసం గంగమణి అక్కడే కూర్చుని బీడీలు చుట్టేది. ఆమె చుట్టినవి ఎవరూ తీసుకోరని పక్కింటి సాబేరా తన బీడీ కార్డు మీద కంపెనీలో వేయించేది. ఒకరోజు మార్కండేయ అన్న బాలనర్సయ్య పిల్లాడి బట్టలు ఆరేసిన దండెం కొడవలితో తెంపేశాడు. పేడలో పడ్డ బట్టల్ని ఆమె ఏరుకుంటుంటే ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని చూశాడు.

పిల్లాడికి ఆరో నెల వచ్చాక సాబేరా ఇద్దరినీ హైదరాబాదు తీసుకెళ్లింది. పాత చీటీ చూసి అక్కడి డాక్టరమ్మ తల పట్టుకుంది.

"ఈ పరీక్షలో పడేది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల గుర్తులమ్మా, క్రిమి కాదు. పసిపిల్లలకు దీంతో తేల్చకూడదు. రక్తంలో క్రిమి ఉందో లేదో చూసే పీసీఆర్ చేయాలి."

కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చేశారు. రెండుసార్లూ క్రిమి లేదనే వచ్చింది.

ఆ కబురు తెలిసిన మర్నాడే యాదవ్వ, బాలనర్సయ్య మిఠాయి పొట్లంతో కొట్టానికి వచ్చారు. ఆరు నెలల్లో లోపలికి రావడం అదే మొదలు. బాలనర్సయ్య పిల్లాణ్ని ఎత్తుకుని బుగ్గ మీద ముద్దు పెట్టాడు.

"వీడు మా మార్కండేయ రక్తం. మాకియ్యి. నువ్వెన్ని దినాలుంటవ్?" అంది యాదవ్వ.

ఆ బుగ్గ మీది తడి గంగమణి చూసింది. పిల్లాణ్ని లాక్కుని కొంగుతో గట్టిగా తుడిచింది.

"మొన్నటిదాంక ఈ రక్తం కంపు కొట్టింది గద అత్తా! గిప్పుడు తియ్యగైందా? నేను పోతే సాబేరక్క సాకుతది. మీ చేతుల మాత్రం పెట్ట."

వాళ్లు తెచ్చిన మిఠాయి పొట్లం తీసి బాలనర్సయ్యకు అందించబోయింది. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. దాన్ని ఆమె ముట్టుకుంది మరి.

గంగమణి పొట్లాన్ని అతని కాళ్ల దగ్గర వదిలేసి, బిడ్డనెత్తుకుని సాబేరా ఇంట్లోకి వెళ్లిపోయింది.