బాలశౌరి చదివిన ఉత్తరం

రెండు రోజుల విశ్రాంతి కోసం లూర్దు మూడు రోజులు చాకిరీ చేసింది. అత్తకు రొట్టెలు, పిల్లలిద్దరికీ పులిహోర, పచ్చడి సీసాలు, బడి బట్టలకు ఇస్త్రీ, కుళాయి వచ్చేలోపు నింపిపెట్టాల్సిన బిందెలు. భార్యాభర్తలు శనివారం, ఆదివారం ఇల్లు మరిచిపోయి ఒకరి మనసు ఒకరు తెలుసుకోవాలని ఫాదర్ కురియన్ పూజలో ప్రకటించాడు. ఇల్లు మరిచిపోవడానికి ముందు ఎంత పని ఉంటుందో పాపం ఆ కేరళ ఫాదర్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ మరాఠీ ఊళ్లో పవర్‌హౌస్‌లో సూపర్‌వైజర్ అయిన ఆమె భర్త బాలశౌరికి అసలు ఇలాంటివి గిట్టవు. "పదకొండేండ్లాయె పెండ్లయి, ఇప్పుడు తెలుసుకునేదేముంది?" అన్నాడు మొదట. అయితే ఫాదర్ ఆ ఏడే పెళ్లి కాబోయే జంటలకు మూడు ఆదివారాల క్లాసు మొదలుపెట్టాడు. ఆ క్లాసు సర్టిఫికెట్ లేనిదే గుళ్లో పెళ్లి ప్రకటన చదవడు. అందులో పాఠం చెప్పే జంటలు ముందుగా ఈ రెండు రోజుల శిబిరం పూర్తి చేసి ఉండాలి. పాఠం చెప్పేవాళ్ల చేతికి మైకు ఇస్తారు. మైకు మాట వినగానే బాలశౌరికి సంసారం మీద భక్తి పుట్టుకొచ్చింది.

లూర్దు వెళ్లింది మాత్రం వేరే ఆశతో. పెళ్లికి ముందు ఆమె ఖమ్మం వైపు మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఇప్పుడు గుడి పక్కన డిస్పెన్సరీ నడిపే సిస్టర్ రోజ్లిన్, "నర్సు పనికి వస్తావో రావో సోమవారం పొద్దున్నకల్లా చెప్పు, లేకపోతే వేరే అమ్మాయిని తీసుకుంటా" అంది. బాలశౌరిని అడిగితే "చూద్దాం" అన్నాడు. దీపావళి నుంచి చూస్తూనే ఉన్నాడు. అత్త ఆ మాత్రం కూడా చూడలేదు. "మా ఇంట్ల ఏం తక్కువైంది? మొన్ననే కేబులు గూడ పెట్టిచ్చిండు" అంది, ఆ కేబులు లూర్దు కోసమే పెట్టించినట్టు.

నిజానికి లూర్దు ఒక్కరోజు కూడా నర్సు పని మానలేదు. కాలనీలో ఎవరికి జ్వరమొచ్చినా, "మా ఇంట్ల నర్సుంది, రాన్రి" అని బాలశౌరి దర్జాగా పిలుచుకొస్తాడు. మేనేజర్ గారి అమ్మకు రోజూ పొద్దున సూదిమందు లూర్దే ఇస్తుంది. ఆమెకు సూదితో పాటు చాయ కూడా ఇవ్వాలి. చాయలో చక్కెర ఎందుకు వెయ్యలేదని ఆ షుగరు పేషెంటు రోజూ అలుగుతుంది. "ఇంట్ల కూసోనే సేవ జేస్తున్నవు, ఇంక నౌకరెందుకు?" అని బాలశౌరి చాలా న్యాయంగా అడుగుతాడు.

శిబిరంలో పన్నెండు జంటలు. మరాఠీవాళ్లు, మలయాళీలు, ఇద్దరు గోవావాళ్లు. అందరికీ కలిసొచ్చే భాష హిందీ. గడియారాలు తీయించి ఒక బుట్టలో వేశారు. నాగపూర్ నుంచి వచ్చిన డిసౌజా దంపతులు పద్ధతి చెప్పారు. నోరు విప్పకూడదు. ఎవరి నోటుబుక్కులో వాళ్లు, ఎవరి భాషలో వాళ్లు, మనసులోది ఉత్తరంగా రాయాలి. తరువాత పుస్తకాలు మార్చుకుని రెండుసార్లు చదవాలి, ఒకసారి బుద్ధితో, ఒకసారి మనసుతో. నమూనాగా డిసౌజా తన భార్య స్టెల్లాకు మరాఠీలో రాసిన ఉత్తరం గోడకు అంటించారు.

లూర్దు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎవరూ పిలవని గంట ఆమెకు దొరికి ఎన్నేళ్లయిందో. అరపేజీ రాసింది. మీకు ఇష్టమైతే, అత్తమ్మ ఒప్పుకుంటే, సోమవారం నుంచి నేను డిస్పెన్సరీకి డ్యూటీకి వెళ్తాను. కోపం రాకపోతే, పొద్దున అత్తమ్మకు చాయ మీరు పెట్టండి. మరోలా అనుకోకపోతే, మేనేజర్ గారి అమ్మను సూదిమందుకు డిస్పెన్సరీకే రమ్మనండి. రాసి చూసుకుంటే పెళ్లికూతురు నడిచినట్టుంది ఉత్తరం, అడుగడుగుకీ ఆగుతూ.

పుస్తకాలు మార్చుకున్నారు. బాలశౌరి ఆమె పేజీని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, తల పంకించాడు, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది లూర్దుకు. ఈయన చదువంతా మరాఠీ బడిలో. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం ముక్క రాదు. ఖమ్మం నుంచి అమ్మ రాసిన జాబులన్నీ ఇన్నేళ్లుగా తనే చదివి వినిపిస్తోంది. ఆ సంగతి ఒప్పుకోవాల్సింది పోయి ఆయన గంభీరంగా మనసుతో రెండోసారి చదువుతున్నాడు.

ఆయన పుస్తకం మరాఠీలో ఉంది. లూర్దు బడిలో హిందీ చదివింది, రెండింటికీ లిపి ఒకటే. మిగతాది రేషన్ కార్డుల మీదా పిల్లల హోంవర్కుల మీదా నేర్చుకుంది. ఉత్తరం గోడ మీది నమూనాకు నకలు. నీ చేతి చేపల పులుసంటే ప్రాణం అని ఉంది. అత్తకు నీచు వాసన పడదని ఆ ఇంట్లో ఏనాడూ చేప ఉడకలేదు. ఉత్తరం పైన పేరు 'ప్రియమైన స్టెల్లా' అని అలాగే ఉంది.

లూర్దు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వు ఆగాక ఏడుపొచ్చింది. పదకొండేళ్లలో తను వీళ్ల ఊరు, వీళ్ల భాష, వీళ్ల రాత అన్నీ నేర్చుకుంది. ఆయనకు పెళ్లాం పేరు రాసే రెండు అక్షరాలు కూడా అక్కర్లేకపోయాయి. ఒళ్లు మండింది.

ఆదివారం పొద్దున అనుభవాలు చెప్పే సభ. మైకు మొదట బాలశౌరే అందుకున్నాడు. "ప్రతి మాటా నా గుండెలో దిగింది. ఆమె రాసింది రాసినట్టు చేస్తా, దేవుడి సాక్షిగా!" అన్నాడు హిందీలో. చప్పట్లు మోగాయి. స్టెల్లా డిసౌజా కళ్లొత్తుకుంది. ఫాదర్ కురియన్ పొంగిపోయి, "లూర్దూ, నీకు సమ్మతమైతే ఆ ఉత్తరం అందరికీ చదివి వినిపిస్తావా?" అని అడిగాడు.

"అది పర్సనల్ కదా ఫాదర్" అంటూ బాలశౌరి మైకు వెనక్కి తీసుకోబోయాడు.

లూర్దు మైకు అందుకుంది. పుస్తకం తెరిచింది. మొదటి వాక్యం ముందున్న 'ఇష్టమైతే' నోటి దాకా వచ్చింది. ఇంతమంది ముందు దాన్ని చదవాలంటే సిగ్గేసింది. ఆమె కళ్లు దాన్ని దాటి ముందుకెళ్లాయి. హిందీలో చెప్పింది. "సోమవారం నుంచి నేను డిస్పెన్సరీకి డ్యూటీకి వెళ్తాను. పొద్దున అత్తమ్మకు చాయ మీరు పెట్టండి. మేనేజర్ గారి అమ్మను సూదిమందుకు డిస్పెన్సరీకే రమ్మనండి." కూర్చుంది.

ముందు ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లను చూసి మగవాళ్లు కొట్టారు. అందరికంటే ఆలస్యంగా బాలశౌరి కొట్టాడు.

బయట వరండాలో పట్టుకున్నాడు. "నిజంగ గట్లనే రాసినవా?"

"మీరు చదివిన్రు కద, రెండుసార్లు. కండ్లల్ల నీళ్లు గూడ పెట్టుకున్నరు."

"చదివిన. గని గింత గట్టిగున్నట్టు యాదికి లేదు." కాసేపు చెప్పుల వంక చూసుకున్నాడు. "అమ్మకేం జెప్పాలె?"

"దేవుని సాక్షిగ అన్నరు కద. గదే చెప్పున్రి."

చివరి పూజకు ముందు పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఫాదర్ చెవిన వేసుకోవడం. ఫాదర్ తెర వెనక కూర్చున్నాడు, బయట బల్ల మీద వరుసగా జనం. లూర్దు కూడా కూర్చుంది. లోపల ఏదో గుచ్చుతోంది. రాసింది ఒకటి, చదివింది ఒకటి. గుడిలాంటి చోట, పాతిక మంది ముందు. అబద్ధమే కదా, చెప్పుకోవాలి. ఎలా చెప్పుకోవాలో కూడబలుక్కుందామని పుస్తకం తెరిచింది.

ఇష్టమైతే. దాని మీద పెన్నుతో గీత గీసింది. అత్తమ్మ ఒప్పుకుంటే. గీసింది. కోపం రాకపోతే, మరోలా అనుకోకపోతే. కాగితం చిరిగేంత గట్టిగా గీసింది. మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. ఇప్పుడు పేజీలో ఉన్నదీ పొద్దున తను చదివిందీ ఒక్కటే.

తెర వెనక ఫాదర్ దగ్గాడు. ఆమె వంతు వచ్చింది. లూర్దు పెన్నుకు మూత పెట్టి, పక్కకు జరిగి, వెనకున్న ఆమెకు దారిచ్చింది.

"మీరు వెళ్లండి. నాకు చెప్పుకోవాల్సిన పాపమేం లేదు."