ఫ్యాన్ కింద చోటు

పొద్దుటి నుంచీ నా తలంపులు గుమ్మం ముందు చెప్పులు విప్పి, ఒక్కొక్కటిగా హాల్లోకి వచ్చి చాపల మీద కూర్చుంటున్నాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఈసారి మా ఇంట్లోనే కనుక చాపలు ఎలాగూ పరిచే ఉన్నాయి. వాటికి అదే అలుసైంది.

అన్నీ ఆడవాళ్ళే. అందరిదీ నా ఎత్తే, నా ముక్కే. చీరలు మాత్రం ఎవరివి వాళ్ళవి. ముందొచ్చినవి ఫ్యాన్ కింద చోటు పట్టుకుంటున్నాయి. అలా పట్టుకున్నవన్నీ మా తోటికోడలు రాహేలక్క మీద నాకున్న తలంపులే.

ఈ రోజు రాహేలక్కకు ఆపరేషన్. కడుపులో గడ్డ. తన కోసం నేను ప్రార్థన చేస్తేగాని బల్ల ఎక్కనని ఒంగోలు ఆసుపత్రి నుంచి కబురు పెట్టింది. చర్చిలో ఇంతమంది ఉండగా నేనే చేయాలట. "హెప్సీ ప్రార్థన గట్టిది" అందట. ఆలస్యమైతే ప్రాణానికే ప్రమాదమని డాక్టరు మొత్తుకుంటున్నాడు. ఆసుపత్రిలో ఉన్నా ఇంట్లో ఉన్నా ఆమె మొండితనం ఒకటే.

నేను మోకరిస్తున్నాను. నోరు తెరుచుకోదు. మామూలు మాటలు బాగానే వస్తున్నాయి, కూరలమ్మితో బేరం కూడా ఆడాను. "ప్రభువా, రాహేలక్కను" అనబోతే మాత్రం పెదవులు రేకు డబ్బా మూతలా బిగుసుకుంటున్నాయి.

ప్రార్థనకు వచ్చేవాళ్ళలో మా పాస్టరు యోసేబు అయ్యగారు అందరికంటే ముందు వస్తారు. గుమ్మం దగ్గర ఖాళీ లేక తన చెప్పులు కిటికీలో పెట్టి, లోపలికి తొంగి చూస్తారు. ఆయనకిదేమీ వింతగా లేదు.

"ఆమె మీద ఒక్క మంచి తలంపు ఈ ఇంట్లోకి వస్తే నీ నోరు తెరుచుకుంటుందమ్మా" అంటారు. "ఆదివారం నేను చెప్పింది అదేగా. సత్యమైనవి, న్యాయమైనవి, అందమైనవి, అలాంటి మంచివాటి మీద మనసు పెట్టమని."

"పెడదామనే ఉంది అయ్యగారూ. మంచిది రాందే దేనిమీద పెట్టేది?"

"అయితే ముందు ఈ చెడ్డవాటిని పంపిద్దాం."

సరిగ్గా ఫ్యాన్ కింద చిలకాకుపచ్చ పట్టుచీరలో కూర్చున్నది అన్నిటికంటే లావుపాటిది. పోయిన నెల చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో రాహేలక్క అదే రంగు చీర కట్టుకుని, మైకు అందుకుని, "నా తోటికోడలు నన్నెన్ని మాటలన్నా ప్రభువు కృపను బట్టి ఆమెను క్షమించానండీ" అంది. నేను ఒక్క మాటా అనలేదు. సంఘమంతా స్తోత్రమని వెనక్కి తిరిగి నన్ను చూసింది. అప్పటి నుంచీ అందరూ నాతో జాలిగా మాట్లాడుతున్నారు. చేయని తప్పుకు క్షమాపణ దొరికితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పరు.

అయ్యగారు ఆ తలంపు ముందు నిలబడతారు.

"నువ్వు సత్యమైనదానివేనా?"

"సత్యమేనండీ. జరిగిందే చెప్తన్నా."

"న్యాయమైనదానివేనా?"

"అన్యాయం ఎవరికి జరిగిందో మీరే చెప్పండి. స్తోత్రమన్నవాళ్ళలో మీరూ ఉన్నారుగా."

"పోనీ, చూడ్డానికి బాగుంటావా?"

అది లేచి, ఒక చుట్టు తిరిగి, జరీ అంచు చూపిస్తుంది. నిజంగానే బాగుంటుంది. నెల రోజులుగా రోజూ ఇస్త్రీ చేసి పెట్టుకుంటున్నాను మరి.

అయ్యగారు తల గోక్కుంటారు. "దీన్ని పంపించడానికి నాకేం వంక దొరకడం లేదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోతోంది. దాని రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళి వదిలి వస్తాను. నేను వచ్చేలోపే అది వంటింటి తలుపులోంచి వచ్చి, కుండలో నీళ్ళు తాగి, మళ్ళీ ఫ్యాన్ కిందే కూర్చుని ఉంది. వస్తూ వస్తూ తోడుగా ఇంకొన్నిటిని వెంటబెట్టుకొచ్చింది. అవి పట్టడానికి హాలు పొడవు పెరుగుతోంది. అవతలి గోడ, దాని మీది క్యాలెండరు చిన్నబోతూ వెనక్కి వెళ్తున్నాయి. ఫ్యాన్ మాత్రం ఒక్కటే.

ఫోను మోగుతుంది. ఆసుపత్రి నుంచి బావగారు.

"అమ్మాయ్ హెప్సీ, ప్రార్థన అయిందా? ఈమె బల్ల ఎక్కనంటా ఉంది. డాక్టరు కేకలేస్తా ఉన్నాడు."

"మొదలుపెడతన్నాం బావగారూ."

"తొందరగా కానీ తల్లా. నాకు కాళ్ళూ చేతులూ ఆడటంలా."

నాకూ ఆడటం లేదు. ఆమె పోతే ఆ క్షమాపణ జన్మంతా నా మెడకే ఉండిపోతుంది. అసలు అది కూడా కాదు. ఆమె పోకూడదు. ఆమె మీద ఇంత కోపం పెట్టుకుని కూడా పోకూడదని అనుకోవాల్సి రావడం నాకు మరీ విసుగ్గా ఉంది.

మంచి తలంపు కోసం ఇల్లంతా వెతుకుతున్నాను. బియ్యం డబ్బాలో లేదు. బీరువా వెనక లేదు. ఫ్రిజ్ తలుపు తీస్తే ఒకటి వణుకుతూ బయటికి వస్తుంది. రాహేలక్క చేపల పులుసు బాగా పెడుతుందనే తలంపు అది. ప్రాణం లేచొచ్చి దాన్ని అయ్యగారి దగ్గరికి తీసుకెళ్తాను.

ఆయన అటూ ఇటూ తిప్పి చూస్తారు. "మంచిదేనమ్మా. కానీ ఇది పులుసు మీద. ఆమె మీద కాదు."

ఆయన్ని కూడా వీధిలో వదిలి రావాలనిపిస్తుంది. ఆ పని చేయకుండా ఉండడానికి నేనే బయటికి వెళ్తాను.

గేటు అవతల ఎండలో ఒకామె నిలబడి ఉంది. తెల్లచీర. మనిషి సన్నగా ఉంది, నా ముక్కే. ఒక చేత్తో భుజం దగ్గర పైట గట్టిగా పట్టుకుని ఉంది. మా గేటు ఒక చేత్తో పైకెత్తి, రెండో చేత్తో గడియ లాగితేగాని రాదు.

"ఎంతసేపటి నుంచీ ఉన్నావు?"

"అందరికంటే ముందొచ్చా."

"పిలవకూడదా?"

"పిలస్తానే ఉన్నా. లోపల సాక్ష్యాలు చెప్పుకుంటన్నారుగా, ఎవరికీ వినబళ్ళా."

పైట వదిలేసి గేటు తీసుకోవచ్చు కదా అనబోయి, నేను ఆగిపోతాను. ఆ చెయ్యి నాకు తెలుసు.

మా అమ్మను సమాధి చేసిన రోజు గుంట దగ్గర నా పైట పిన్నీసు విరిగిపోయింది. నాకు తెలియను కూడా లేదు. ఎవరి కళ్ళూ పడకముందే రాహేలక్క తన భుజం మీది పిన్నీసు తీసి నాకు పెట్టింది. ఆఖరి పిడికెడు మట్టి పడేదాకా తన పైట చేత్తో పట్టుకుని ఎండలో నిలబడింది. తుమ్మినా దగ్గినా సాక్ష్యం చెప్పే మనిషి, ఆ సంగతి మాత్రం ఏ ఆదివారమూ మైకులో చెప్పలేదు.

నేను గేటు ఎత్తి గడియ లాగుతాను. తెల్లచీర లోపలికి అడుగు పెడుతుంది. నా పెదవులు వదులవుతాయి.

"ప్రభువా, రాహేలక్కను కాపాడు" అంటాను, అక్కడే ఎండలో, చెప్పులతోనే. "ఆవిడతో నేనింకా పోట్లాడాలి. ఆమేన్."

కట్ చేయకుండా నడుముకు దోపుకున్న ఫోనులో బావగారు ఏడుస్తూ, "ఎక్కింది తల్లా, ఎక్కింది" అంటారు.

తిరిగి లోపలికి వచ్చేసరికి హాలు పెరిగీ పెరిగీ ఒంగోలు చేరి ఉంది. ఆ చివర క్యాలెండరు కింద ఆపరేషన్ బల్ల. దాని మీద రాహేలక్క. డాక్టరు కూడా చెప్పులు గుమ్మం దగ్గర విప్పేసి, ఒట్టి కాళ్ళతో పని చేస్తున్నాడు. గడ్డ తీసి స్టీలు పళ్ళెంలో పెట్టాడు. నన్ను చూసి చెయ్యి చాపుతాడు.

"కుట్టడానికి దారం అయిపోయిందమ్మా. మీ దగ్గరేమైనా ఉందా?"

నా భుజం మీది పిన్నీసు తీసి ఇస్తాను. దానితో ఒక చోట మూసి, "ఇంకా కావాలి" అంటాడు.

చాపల మీది తలంపులు గొణుక్కుంటూ లేస్తున్నాయి. ఒక్కొక్కటీ భుజం తడుముకుని, పిన్నీసు తీసి, చేతులు మార్చుకుంటూ ఆ చివరికి పంపిస్తున్నాయి. చిలకాకుపచ్చది మాత్రం కదలదు. "సత్యమైనదాన్ని నేను, నేనెందుకియ్యాలి?" అంటుంది. నేను దాని వైపు చూస్తాను. అది ఛీ అని, తనదీ తీసి ఇస్తుంది.

"అందరం చేతులు జోడిద్దాం" అంటారు అయ్యగారు. ఎవ్వరం జోడించలేకపోతున్నాం. హాలు పొడవునా అందరం ఒక చేత్తో పైట పట్టుకునే నిలబడి ఉన్నాం.

రాహేలక్క బల్ల దిగుతుంది. గొంతు నుంచి బొడ్డు దాకా పిన్నీసులు మెరుస్తుండగా, గలగలమంటూ అంత దూరం నడిచి నా దగ్గరికి వస్తుంది.

"హెప్సీ, ఆదివారం దీన్ని గురించి సాక్ష్యం చెబుతాలే" అంటుంది. "కాస్త జరుగు. ఫ్యాన్ కింద కూర్చుంటా."

నాకు మళ్ళీ ఒళ్ళు మండుతోంది. రెండో చేత్తో చాప దులిపి, జరుగుతాను.