దుప్పటి కింది బండి

గల్ఫ్ బండిని చూసి కొనేవాడికి బుద్ధి లేదని మా గదిలో అందరి అభిప్రాయం. అందరికంటే పెద్ద గొంతుతో ఆ మాట అనేవాణ్ణి నేనే.

గల్ఫ్ బండి అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. మా జగిత్యాల వైపు నుంచి సౌదీ వచ్చిన ప్రతివాడూ మొదటి సెలవుకు ఇంటికి పోగానే మోటారుసైకిల్ కొంటాడు. సెలవున్నన్నాళ్ళు దానిమీద పెళ్ళిళ్ళకూ, బోనాలకూ, అత్తగారింటికీ తిరుగుతాడు. తిరిగొచ్చే ముందురోజు పెట్రోలు తీసేసి, బ్యాటరీ వైరు పీకి, ముందరి గదిలో స్టాండు వేసి నిలబెట్టి, పైన పాత దుప్పటి కప్పి విమానం ఎక్కుతాడు. మళ్ళీ రెండేళ్ళకు గానీ దుప్పటి తీయడు. ఎన్నేళ్ళు గడిచినా అది కొత్త బండే అని మా లెక్క. అలాంటి బండికి క్యాంపులో మంచం మీద కూర్చునే బేరం జరుగుతుంది. ఫోటో అడిగితే అవమానించినట్టు. మాట చాలు.

ఆ ఏడు మాకు రోజులు బాగాలేవు. సౌదీవాళ్ళకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ చట్టం వచ్చిన దగ్గర్నుంచి కంపెనీలు పరాయి దేశపు మనుషుల్ని తగ్గించుకుంటూనే ఉన్నాయి. దానికి తోడు మనిషికి ఇంతని సర్కారు వేసిన లెవీ ఏటా పెరుగుతోంది. మాది ఖోబర్‌లో, అల్ అజీజియా చుట్టుపక్కల ఇళ్ళలో ఏసీలు, నీళ్ళ మోటార్లు బాగుచేసే చిన్న కంపెనీ. కాగితాల పని చూసే మందూబ్ ఒకరోజు క్యాంపుకు వచ్చి, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు మళ్ళీ కావాలంటే లెవీ మీరే పెట్టుకోండి, లేదంటే ఇంటికి పంపేసే ఎగ్జిట్ కొట్టిస్తాం అని చెప్పిపోయాడు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. చెమటోడ్చి పనిచేసేది మేము, ఎదురు కట్టాల్సిందీ మేమేనా అని ఆ కోపంలోనే ఎగ్జిట్‌కు సంతకం పెట్టేశాను. ఊళ్ళు తిరిగి బోరు మోటార్లు బాగుచేసుకుంటూ బతకొచ్చు అనుకున్నాను. దానికి బండి కావాలి. నా గల్ఫ్ బండిని పోయిన సెలవులోనే అమ్మి ఇంటి స్లాబులో పోసేశాను.

నా పక్క మంచం దేవన్న మాత్రం ఉంటానన్నాడు. నాకంటే పెద్దవాడు, ఈ పనిలోకి నన్ను దింపినవాడు, మెత్తని మనిషి. తాను కదిలితే ఇంట్లో పొయ్యి వెలగదని అతని నమ్మకం. ఉండాలంటే లెవీకి ఏదో ఒకటి అమ్మాలి, కాబట్టి బండి అమ్ముతానన్నాడు. నేను కొంటానన్నాను. ఒక్క చాయ తాగేలోపల బేరం కుదిరిపోయింది.

ఆ బండిని నేనెప్పుడూ చూడలేదు, కానీ దాని గురించి వినని వారం లేదు. నల్ల స్ప్లెండర్, ట్యాంకు మీద ఎర్ర గీత, మొదటి గేరు కాస్త గట్టి. శుక్రవారం స్నానం చేసి ఇంటికి ఫోను చేసినప్పుడల్లా దేవన్న పిల్లల చదువు అడిగి, ఆ తర్వాత భార్య ముత్యవ్వను బండి తుడిచావా అని అడిగేవాడు. ఆమె తుడిచానని చెప్పేది. ఆ జవాబు విన్నాక అతని మొహంలో కనబడే నిమ్మళం చూసి, బండి కాదన్నా నీకది రెండో పెళ్ళాం అని మేము ఏడిపించేవాళ్ళం.

బేరం సంగతి ఇంట్లో చెబితే నా భార్య ఉమారాణికి నచ్చలేదు.

"సూడకుంట నేను చీర గూడ కొన. బండి కొంటనా?" అంది.

ఇది ఆడవాళ్ళకు తెలిసే సంగతి కాదని కసిరి ఫోను పెట్టేశాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాలుగు రోజులాగి, నాకు చెప్పకుండా బస్సెక్కి దేవన్న ఊరికి పోయి చూసొచ్చింది.

ఆ సాయంత్రం ఉమారాణి ఫోనులో చెప్పింది వింటుంటే నా చెవులను నేనే నమ్మలేదు. ముందరి గదిలో బండి లేదట. దుప్పటి మాత్రం ఉతికి మడత పెట్టి దండెం మీద ఉందట. ముత్యవ్వ ఎక్కడని అడిగితే, వస్తుంది కూర్చోమని పక్కింటామె మంచినీళ్ళిచ్చిందట. కాసేపటికి వీధి మలుపులో బండి చప్పుడైంది. చూస్తే ముత్యవ్వే నడుపుకుంటూ వస్తోంది. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కొంగు నడుముకు చుట్టుకుని, వెనక ఖాళీ కూరగాయల ట్రేలు తాడుతో కట్టుకుని వాకిట్లో దిగింది. తాడు ఒరిసి ఒరిసి వెనక సీటు చినిగిపోయింది. ట్యాంకు మీద ఎర్ర గీత సగం లేదు. సైలెన్సరు తుప్పు పట్టింది. మీటరు తీగ ఎప్పుడో తెగిపోయిందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త బండని చెప్పి అరిగిపోయిన బండి అంటగట్టాలని చూశాడా అని దేవన్న మీద, ఇన్నాళ్ళు అతణ్ణి మోసం చేసిందా అని ముత్యవ్వ మీద, అడక్కుండా పోయినందుకు ఉమారాణి మీద, ఒకేసారి ముగ్గురి మీదా కోపమొచ్చింది. దేవన్న అప్పుడు వంటగదిలో పప్పు తాలింపు వేస్తున్నాడు. పోయి గల్లా పట్టుకుందామని లేచాను.

"ముంగట నా మాట మొత్తం ఇను. ఇన్నంక ఒర్రుదువు గని," అంది ఉమారాణి.

విన్నాను. దేవన్న పోయిన సెలవు నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఒకసారి మా కంపెనీ నెలల తరబడి జీతాలు ఆపేసింది. క్యాంపులో ఖుబ్బూస్ రొట్టె, ఉల్లిగడ్డ తిని బతికాం. దేవన్న ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. జీతం కొంచెం ఆలస్యం అంతే అనేవాడు, నవ్వుతూ ఫోటోలు పంపేవాడు. ముత్యవ్వ ఆ ఫోటోల్లో అతని చెంప ఎముకలు చూసి అర్థం చేసుకుంది. ఏమీ అడగలేదు. దుప్పటి తీసి బండి బయటపెట్టింది. కోతలైన మడిలో తన అన్నతో నేర్పించుకుంది. తెల్లారక ముందే కోరుట్ల మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చి, చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మడం మొదలుపెట్టింది. జీతాలు మళ్ళీ వచ్చినా మానలేదు. దేవన్న పంపేది పిల్లల ఫీజులకు పోతుంది. ఇల్లు గడిచేది ఆ ట్రేలతోనే.

మరి అతనికెందుకు చెప్పలేదని ఉమారాణి అడిగిందట. బండి బాగుందని వింటే ఆయన అక్కడ నిమ్మళంగా నిద్రపోతాడు, అందుకని చెప్పలేదంది ముత్యవ్వ. తుడిచావా అంటే తుడిచానని చెప్పేది, అది అబద్ధం కాదు. రోజూ తుడిచేది, కాకపోతే తిరిగొచ్చాక. చివరికి ఉమారాణి చెయ్యి పట్టుకుని, ఆయనకు తెలియనివ్వొద్దు, బండి వద్దని మీ ఆయన చేతనే చెప్పించు అని బతిమాలిందట.

"గా బండి మనకెందుకు? ఆమె నోటికాడి బువ్వ మనం గుంజుకుంటమా?" అంది ఉమారాణి.

నాకు కోపం దిగిపోయి సిగ్గేసింది. అది ఇంకా కష్టం. కోపమైతే అరిస్తే పోతుంది.

మర్నాడు పనికి పోయే వ్యానులో దేవన్నతో బండి వద్దన్నాను. మా బామ్మర్ది ఇంకోటి చూశాడని అబద్ధమాడాను. దేవన్న మొహం చిన్నబోయింది. మాటిచ్చి తప్పేవాణ్ణి కానని అతనికి తెలుసు. బండిలో ఏదో లోపం ఉందని ఎవరైనా చెప్పారా అని రెండుసార్లు అడిగాడు. లేదన్నాను. సరే, పక్క గది స్వామి ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, అతనికే ఇచ్చేస్తా, వాళ్ళ తమ్ముడు ఈ ఆదివారం పోయి తోలుకుపోతాడు అన్నాడు. నా అబద్ధం ఎవరికీ అక్కరకు రాలేదు. ఆదివారం స్వామి తమ్ముడు ఆ వాకిట్లో నిలబడితే ముత్యవ్వ బతుకుదెరువు పోతుంది, గుట్టూ బయటపడుతుంది. ఆమె చెప్పొద్దంది నిజమే. చెప్పకపోతే రెండూ పోతాయి.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక దుకాణాలు మళ్ళీ తెరిచే వేళకు దేవన్నను అల్ అజీజియాలో మలయాళీ చాయ హోటలుకు తీసుకుపోయాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక చాయ సగం తాగేదాకా ఎండ గురించి మాట్లాడాను. చివరికి ఉన్నమాట చెప్పేశాను.

"దేవన్నా, బండి వదినె నడుపుతున్నది. కూరగాయలు అమ్ముతున్నది. మనకు జీతాలు రానప్పటి సంది."

"ఎవలి వదినె?" అని నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు.

మిగతాదంతా చెప్పాను. కోరుట్ల మార్కెట్, ట్రేలు, చినిగిన సీటు, చెంప ఎముకలు, అన్నీ. అతను వింటూ చాయ గ్లాసును బల్లమీద అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను. నేనైతే అరిచేవాణ్ణి.

"ఎన్నడన్న పడ్డదా?"

నాకు తెలియదన్నాను. అది ఉమారాణి అడగలేదు, నేనూ అడగలేదు. అతను తల ఊపి రోడ్డువైపు చూస్తూ ఉండిపోయాడు. మళ్ళీ నావైపు తిరిగినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మరి నేనెందుకున్న తమ్మీ, ఈడ?"

నాకు తెలిసింది ఒక్కటే. మేము వచ్చేటప్పుడు బండికి కప్పిన దుప్పటి ఇంటి మొత్తానికి కప్పి వచ్చామనుకుంటాం. పెళ్ళాం, పిల్లలు, గోడలు, అన్నీ మేము వదిలిన చోటే, వదిలినట్టే ఉన్నాయనుకుంటాం. ఫోనులో అడిగే ప్రశ్నలు కూడా అలాగే ఉంటాయి. అక్కడ వాళ్ళు బతుకుతున్నారని, బతకడానికి కొత్తగా ఏవేవో నేర్చుకుంటారని మాకు తోచదు. అది తోస్తే ఇక్కడ ఉండలేం కాబట్టి తోచదేమో.

దేవన్న అక్కడే ఫోను తీసి ఐమోలో ఇంటికి కలిపాడు. నేను లేవబోతే కూర్చోమని చెయ్యి పట్టుకున్నాడు. ముత్యవ్వ మొహం తెరమీద కనబడింది. ఎండకు నల్లబడిన మొహం, తడి జుట్టు. దేవన్న ఆమెను చాలాసేపు చూశాడు. అన్నేళ్ళుగా చూస్తున్న మొహాన్నే కొత్తగా చూస్తున్నాడని పక్కనున్న నాకు తెలిసిపోయింది.

"ఎనక టైరుకు గాలి జర ఎక్కువ కొట్టియ్యి. బరువేసుకొని తిరుగుతున్నవ్ గద," అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొన్ననే కొట్టిచ్చిన," అంది. తర్వాత భయంభయంగా అడిగింది. "బండి అమ్ముతున్నవా?"

"నీ బండి నేనెట్ల అమ్ముత?"

అంతే, ఇద్దరూ ఏడ్చారు. చాయ హోటల్లో మనుషులు చూస్తున్నారని కూడా దేవన్నకు పట్టలేదు. నేను మొహం తిప్పుకుని హోటలువాణ్ణి చాయలో చక్కెర ఎక్కువైందని కసిరాను.

మర్నాడు దేవన్న మందూబ్ దగ్గరికి పోయి తనకూ ఎగ్జిట్ కావాలన్నాడు. గదిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. మొన్నటిదాకా ఉంటానని పట్టుబట్టినవాడు ఇంత తొందరగా ఎలా మారాడని స్వామి నిలదీశాడు. చేతికొచ్చిన బండి పోయిందని అతని బాధ అతనిది.

"మా ఇంట్ల బండి నడిపే మనిషి ఉంది. ఎనక కూసునేటోడే లేడు," అన్నాడు దేవన్న.

అందరూ నవ్వారు. నేను నవ్వలేక ఫోను పట్టుకుని మిద్దె మీదికి పోయాను. ఉమారాణికి కలిపాను. పైసలు అందాయా, స్లాబు కురుస్తోందా, పిల్లలు బడికి పోయారా, ఇన్నేళ్ళుగా నేనడిగినవి ఇవే. అవి నోటిదాకా వచ్చాయి కూడా. మింగేశాను.

"నాకెర్క లేకుంట నువ్వేమేం జేసినవ్, ఏమేం నేర్సుకున్నవ్?" అని అడిగాను.

కోప్పడటానికి అడుగుతున్నానా అని ఉమారాణి నా గొంతును తూకం వేసుకుంటోంది. కాదని తేలాక నెమ్మదిగా అంది.

"శానా ఉన్నయ్. యాడికెల్లి షురు జెయ్యాలె?"