చప్పిడి ముద్ద

ఉడికిన కోడి ముక్కల్ని వేళ్లతో చిదిపి, సొట్టబోయిన సత్తు గిన్నెలో వేసి, వేడి తగ్గేందుకు కొంగుతో విసురుతోంది బుగ్గమ్మ. హాస్టలు వంటకు పోయే వేళ దాటిపోతోంది. అయినా గిన్నె చల్లారనిదే ఆమె కదలదు.

పొయ్యి పక్కన సర్పంచ్ కూర్చున్నాడు. తోకెత్తుకుని వాడలో ఇల్లిల్లూ తనిఖీ చేసినట్టు తిరిగే పిల్లి కనుక ఆ పేరు పడింది. ఇప్పుడు తనిఖీలు లేవు. వీపు నిమిరితే ఎముకలు చేతికి తగులుతున్నాయి. బూడిదరంగు బొచ్చు అట్టలు కట్టింది. కిడ్నీలు చెడిపోయాయని పశువుల డాక్టరు హిమజ చెప్పింది. పాలు వద్దు, ఎండుచేప వద్దు, ఉప్పు అసలే వద్దంది. ఆమె రాసిన ప్యాకెట్ తిండిని సర్పంచ్ వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. ఇక మిగిలింది ఈ చప్పిడి కోడి, పిడికెడు మెత్తటి అన్నం.

ఈ ఒక్క ముద్ద మీద ఊరంతా డాక్టర్లే. ఎండుచేప తల పెడితే లేచి ఉరుకుతుందని కోళ్ల దుకాణం ఐలేష్ వైద్యం చెప్పాడు. తుర్కయాంజాల్‌లో పిల్లుల తిండి అమ్మేవాడు, మొదటిసారి అడిగిన ప్యాకెట్ లేకపోతే బొమ్మ బాగున్న ఇంకోటి అంటగట్టబోయాడు. పక్కింటి యమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పిల్లికి పత్యమా అక్కా? మనుషులకే దిక్కులేదు."

"మనుషులకు దిక్కులేకుంటే పిల్లి సావాల్నా?" అని బుగ్గమ్మ గయ్‌మంది. అంత గట్టిగా ఆమె వాడలో ఎన్నడూ మాట్లాడలేదు.

గిన్నె గూట్లో పెట్టి, గడపలో కూర్చున్న అత్త ఈదమ్మకు మధ్యాహ్నం ముద్ద గురించి మళ్లీ చెప్పింది. "అత్తా, పగటీలి గిదే పెట్టు. ఇంకేం కలపకు."

"అవ్, ఇనవడ్డది తియ్," అంది ముసలామె, విసుగ్గా.

మన్నెగూడ హాస్టల్లో బుగ్గమ్మ నాలుకదే రాజ్యం. సాంబారు చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించి, జర ఉప్పు తక్కువైందంటే వార్డెను కూడా మారుమాట్లాడదు. ఇంటి గడప తొక్కితే మాత్రం ఆ నాలుకకు విలువ లేదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ అంతే. మొగుడు హన్మంత్‌కూ కిడ్నీలే పోయాయి. అతనికీ పథ్యమే చెప్పారు. అది సాగలేదు, మనిషి దక్కలేదు. అతని ఒళ్లో పడుకునే పిల్లి మిగిలింది. దీన్నైనా నిలబెట్టుకోవాలని ఆమె పంతం. ఆ పూట హాస్టల్లో గరిటె తిప్పుతూ తిప్పుతూ ఆ పంతాన్నే నమిలింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి సర్పంచ్ నీళ్ల తొట్టి పక్కన ఒరిగి ఉన్నాడు. మూతి తడిగా ఉంది, కళ్లు లోపలికి పోయాయి. సంచిలో పాత చీర పరిచి, పిల్లిని అందులో పడుకోబెట్టుకుని డాక్టరు దగ్గరికి ఉరికింది.

"ఉప్పేమన్నా పెడుతున్నారా?" అంది హిమజ, పొట్ట ఒత్తి చూస్తూ.

"నా మీద ఒట్టు డాక్టరమ్మా, చప్పిడే పెడ్తున్న!" పౌరుషం పొడుచుకొచ్చింది బుగ్గమ్మకు.

"ఇంట్లో ఇంకెవరన్నా?"

బుగ్గమ్మ పిల్లికి సూది వేయించి తిరిగి వచ్చింది. పిల్లిని గోనె మీద పడుకోబెట్టి, నేరుగా గూటి దగ్గరికి పోయింది. గిన్నెలో సగం మిగిలి ఉంది. ఊరందరి కూరలు రుచి చూసే మనిషి ఇన్నాళ్లూ ఈ గిన్నెలోది నోట పెట్టుకోలేదు. ఇప్పుడు వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

ఉప్పు. హాస్టలు సాంబారుకు సరిపోయేంత ఉప్పు.

"అత్తా! గిండ్ల ఉప్పేసినవా?"

"ఏసిన," అంది ఈదమ్మ, దాపరికం లేకుండా. "మొదటి దినం నుంచి ఏస్తనే ఉన్న. చప్పిడి కూడు బతికున్నోళ్లకు పెడ్తరానే? అది సచ్చినోళ్లకు పెట్టేది. పానమున్న జీవి ముందల గది పెట్టి సావును పిలుస్తవా?"

బుగ్గమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ కొడుక్కి గూడ గిట్లనే పెట్టినవ్! నేను చప్పిడి వండితే నువ్వు పల్లెంల బువ్వ కింద మామిడి తొక్కు దాసి పెట్టినవ్. సూసినా గాని నోరు మూసుకున్న. తల్లి పెడ్తుంటే కోడలు అడ్డమొచ్చిందంటరని మూసుకున్న. నీ పావురానికి, గీ పిచ్చి ప్రేమకు ఎంతమంది పోవాలే అత్తా?"

కొడుకు పోయిన ఇన్నేళ్లలో ఈదమ్మను ఈ మాట ఎవరూ అనలేదు.

ఇద్దరూ ఇటు తిరిగి చూసేసరికి సర్పంచ్ గోనె మీద తలవాల్చి ఉన్నాడు. డొక్క ఆడటం లేదు. ఎప్పుడు పోయాడో ఇద్దరూ చూడలేదు. ఉప్పే చంపిందో, రోగమే ముదిరిందో చెప్పడానికి డాక్టరు అక్కడ లేదు. చెప్పినా బుగ్గమ్మ వినే స్థితిలో లేదు.

పొద్దు వాలుతుండగా పెరటి గోడ పక్కన గడ్డపారతో ఆమే గొయ్యి తీసింది. పాత చీరతోనే పిల్లిని దించి మట్టి కప్పింది. చేతులు కడుక్కుంటుంటే లోపల పొయ్యి వెలిగిన చప్పుడైంది. తిరిగి చూడలేదు. అత్త మొహం చూస్తే మళ్లీ తిట్టాలనిపిస్తుంది, తిడితే ఏడుపొస్తుంది.

కాసేపటికి ఈదమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. పచ్చి మట్టి ముందు మోకాళ్ల మీద కూలబడి, తెచ్చిన గిన్నె కింద పెట్టింది.

"ఇప్పుడు ఉప్పెయ్యలే బిడ్డా," అంది.

బుగ్గమ్మ రుచి చూడలేదు. సొట్టబోయిన సత్తు గిన్నెలో తెల్లటి కోడి ముక్కల మీంచి ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది.