నలభై ఎనిమిదో గంట

"వంటింట్లో పై అరని ఎవరూ ముట్టుకోకండి" అని చెప్పి శనగలు నానబోశాను. మా ఆయన పేపరు దించకుండానే "ముట్టుకోవడానికి అక్కడికి వచ్చేదెవరు?" అన్నారు. నిజమే, పద్నాలుగేళ్ళలో ఆయన ఆ గడప దాటింది మంచినీళ్ళకే.

అవి కూర కోసం నానబోసినవి కావు. పెళ్ళయిన కొత్తలో మానేసిన పరిశోధనలో మూడేళ్ళ కిందటే మళ్ళీ చేరాను. "ఇంటి పని తెమిలాక ఏమైనా చేసుకో" అన్నారు మా ఆయన. ఇంటి పని ఎప్పుడు తెములుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. థీసిస్ ఇవ్వడానికి ఇదే చివరి గడువు. సరిగ్గా ఇప్పుడే మరమ్మతులని లాబ్‌కి తాళం వేశారు. "మీ వంటిల్లే లాబ్ అనుకోండమ్మా, వెచ్చగా కూడా ఉంటుంది" అన్నారు ప్రొఫెసరుగారు. నానిన గింజల్ని ఆరు మూటలు కట్టి, ఒక్కోదానికి గంటల చీటీ పిన్నుతో గుచ్చాను. పన్నెండు, ఇరవై నాలుగు, అలా డెబ్బై రెండు దాకా. చీటీ మీది గంటలు నిండగానే ఆ మూట ఫ్రీజర్లోకి వెళ్ళాలి. ఆ రకం గింజలు ఒకే పంటవి, ఇక గుప్పెడు కూడా మిగల్లేదు.

"ఏముందమ్మా అందులో, అస్తమానం చూస్తున్నావు?" అని అత్తగారు పీట మీద కూర్చుని అడిగారు. చెప్పాను. గింజలో ఫైటిక్ ఆమ్లమని ఒకటుంటుంది, అది ఇనుముని ఉడుంపట్టు పట్టుకుంటుంది, ఎంత తిన్నా ఒంటికి సరిగ్గా అందనివ్వదు. మొలక లేస్తుంటే ఫైటేజ్ అనే ఎంజైము చురుకై ఆ ఆమ్లాన్ని ముక్కలు చేస్తుంది, ఇనుము వదులవుతుంది. రెండో రోజు చివరికి దాని జోరు బాగా పెరుగుతుందని నా ఊహ. థీసిస్ అంతా ఆ నలభై ఎనిమిదో గంట మీదే నిలబడి ఉంది. ఆవిడ ఆవలించారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందనుకుని నా పనిలో పడ్డాను.

నలభై ఎనిమిది గంటలు నిండే రోజు కాలేజీలో నాలుగు క్లాసులు చెప్పి ఐదున్నరకి ఇల్లు చేరాను. ఆరింటికి మూట తీయాలి. చెప్పులు విప్పుతుండగానే అత్తగారు ఒక పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టారు. ఉల్లిపాయ ముక్కలు వేసి వేయించిన శనగలు, ఇంకా పొగలు వస్తున్నాయి. ఈ ఇంట్లో ఒకరు నాకు పళ్ళెం అందించడం అదే మొదలు. అందరూ తిన్నాక గిన్నెల అడుగు గీరుకుని తినే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మంలోనే కూర్చుని ఆబగా తిన్నాను. సగం అయ్యాక ఒక గింజకి తెల్లటి మొలక కనిపించింది. తలెత్తితే దండెం మీద ఉతికి ఆరేసిన గుడ్డ, దాని అంచున నా పిన్ను, సిరా చెదిరిన చీటీ. నలభై ఎనిమిది.

"ఏం చేశారత్తయ్యా! ఇవి తినడానికా? మీకసలు బుద్ధుందా?"

పళ్ళెం విసురుగా నేల మీద పెట్టేశాను. ఆవిడ మీద గొంతెత్తడం కూడా అదే మొదలు.

"నీ ఒంట్లో రక్తం ఎనిమిదే ఉందని డాక్టరమ్మ రాసిందిగా" అన్నారు ఆవిడ, గోడకి ఆనుకుని. "రెండో రోజుకి ఇనుము వదులుతుందని నువ్వే అన్నావు తల్లీ. నీకని తీశాను."

ఆ డాక్టరు కాగితం చూసి మా ఆయన "ఆడవాళ్ళకి అంతే ఉంటుందిలే" అని టీవీ పెట్టుకున్నారు. అప్పుడు ఆవిడ గది మూలన బట్టలు మడతపెడుతూ ఉన్నారని నాకు గుర్తొచ్చింది. ఏదో అనబోయేలోగా ఆవిడ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

"గింజలే కదా, మళ్ళీ నానబెట్టుకో" అన్నారు మా ఆయన. ప్రొఫెసరుగారు ఇంకా సులువైన దారి చూపించారు. "ముప్పై ఆరో గంట ఫలితానికీ అరవయ్యో గంట ఫలితానికీ మధ్య ఒక అంకె వేసేయండమ్మా, ఎవరు చూడొచ్చారు?" వేస్తే డిగ్రీ. వేయకపోతే ఇంకో పంట దాకా ఆగాలి, ఇంకో గడువు ఇస్తారో లేదో తెలియదు. రెండు వారాలు పట్టికలో ఆ ఖాళీ గడి వైపు చూస్తూ గడిపాను. ఆ రెండు వారాలూ అత్తగారు నాతో "ఊఁ", "సరే" తప్ప మాట్లాడలేదు. నాకోసం మళ్ళీ ఏదీ తీసిపెట్టలేదు. డిగ్రీ పోతుందన్న దిగులు కంటే అదే ఎక్కువ బాధపెట్టింది. అక్కడ అంకె వేస్తే ఆ సాయంత్రం జరగనట్టే. ఈ ఇంట్లో ఒక మనిషి నా రక్తం గురించి ఆలోచించనట్టే.

ఆదివారం పొద్దున కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ గిన్నెలు తోముతున్నారు.

"అత్తయ్యా, ఆ గడి ఖాళీగానే వదిలేశాను. కింద ఇలా రాశాను, వినండి. నలభై ఎనిమిదో గంట నమూనా లేదు. దాన్ని మా అత్తగారు నాకోసం వండారు. నేను తిన్నాను."

ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎక్కడ తిన్నావు? సగమే తిన్నావు."

"మిగతాది పారేశారా?"

"పారేస్తానా? నేనే తిన్నాను. ఇక్కడే, నిలబడి." చేతిలో గిన్నె మళ్ళీ తోమడం మొదలెట్టారు. "నా ఒంట్లో ఎంతుందో ఎవరు చూశారమ్మా?"

కాగితం గట్టు మీద పెట్టి ఆఖరి వాక్యం కొట్టేశాను. ఆవిడ చూస్తుండగానే దాని పక్కన రాశాను.

"ఇద్దరం చెరి సగం తిన్నాం."