చెవి తిప్పని జింక

కంచె తెగిందని మీకు తెలుసు. రెండేళ్ళ కిందటి ఆగస్టు గాలివానకి పైన్ చెట్లు ఆ ఇనుప వల మీద కూలిన రోజే తెలుసు. లోపలి జింకలు ఎన్ని బయటపడ్డాయో తెలుసు, వాటిలో ఎన్ని అప్పటికే చొంగ కారుస్తూ తిరుగుతున్నాయో కూడా తెలుసు. పట్నాల నుంచి వచ్చే షికారీలు కుర్చీలో కూర్చుని కాల్చుకోవడానికి కంచె కట్టి జింకల్ని పెంచే దొరా, నీకు తెలుసు. కంచె భేషుగ్గా ఉందని కాయితం మీద సంతకం పెట్టి, కారు కూడా దిగకుండా వెళ్ళిపోయిన ఆఫీసరూ, నీకూ తెలుసు. తెలియనిదల్లా నోరీన్‌కి. ఆమె ఆ ఏడే మొదటిసారి తుపాకి పట్టింది.

నోరీన్ క్యాడట్‌కి ముప్పై తొమ్మిదేళ్ళు. ఉత్తర విస్కాన్సిన్‌లో, సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఓజిబ్వే ఆదివాసీల ఊళ్ళో, కిడ్నీలు పోయిన ముసలివాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చే వ్యాను నడుపుతుంది. వేట ఆమె పని కాదు, మేనమామ మెర్ల్ పని. పెద్దల భోజనశాలకి ముప్పై ఏళ్ళుగా జింక మాంసం తెచ్చిపోసినవాడు మెర్ల్. ఆ వేసవిలో చక్కెర జబ్బు అతని ఎడమ కాలు మోకాలి దాకా తినేసింది. సెప్టెంబరుకి భోజనశాల ఫ్రీజరు ఖాళీ అయింది. నలభై మంది ముసలివాళ్ళు డబ్బా మాంసం నములుతూ గొణుగుతున్నారు.

"నువ్వెళ్ళు," అన్నాడు మెర్ల్, చక్రాల కుర్చీలో కూర్చుని తుపాకికి నూనె రాస్తూ.

"నేనా? మావయ్యా, నాకు ఎలకని చంపడం కూడా రాదు."

"ఎలకలెవడిక్కావాలే? అవి ఎడ్నా వండితే అసలే తినలేం."

భోజనశాల వంట ఎడ్నాది. ఊరందరికీ పెద్దమ్మ. ఆవిడ అక్కడే ఉంది. "నీ కాలు తీశారు, నోరు తియ్యడం మర్చిపోయారురా," అంది.

ఆ ఊళ్ళో మొదటి జింక వేటాడినవాళ్ళది కాదు. ఊరంతా తినాలి, అందరికంటే ముసలివాళ్ళు ముందు తినాలి. వేటాడిన మనిషి మాత్రం ముక్క నోట పెట్టకూడదు, నిలబడి వడ్డించాలి. ఆ విందు అయ్యాకే ఆ మనిషిని వేటగాడని, వేటగత్తె అని పిలుస్తారు. ఎడ్నా అప్పుడే పెద్ద గిన్నెలు తోమించి పెట్టింది.

మొదటి నెల నోరీన్ వేట చూసుంటే జింకలే నవ్వుకుని ఉంటాయి. కుదురుగా కూర్చోలేదు. పది నిమిషాలకోసారి లేచి నడిచేది, ఫోను చూసేది, సిగరెట్ ముట్టించేది. అక్టోబరులో ఒక ఆడజింక కనిపిస్తే ఊపిరి కూడా పీల్చుకోకుండా కాల్చింది. గుండు పోయి బిర్చి చెట్టుకి తగిలింది. రోడ్డు మీద ట్రక్కులో కూర్చుని చెవులు రిక్కించి ఉన్న మెర్ల్‌కి ఆ చప్పుడు వినిపించింది. ఆమె ఉత్త చేతులతో బయటికి వచ్చింది.

"ఏం పడింది?"

"చెట్టు."

"మగదా, ఆడదా?"

మర్నాడు భోజనశాలలో ఎడ్నా ఆమె ముందు సూపు గిన్నె పెట్టి, "బిర్చి చెక్క సూపమ్మా, వేడిగా తాగు," అంది. ముసలివాళ్ళు పళ్ళు లేని నోళ్ళతో బల్లలు అదిరేలా నవ్వారు. నోరీన్‌కి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఆ సాయంత్రం మెర్ల్ నవ్వలేదు. "చూడు పిల్లా. జింకని మనం పట్టుకోం. అదే తనని తాను ఇచ్చుకుంటుంది. నువ్వు వెంటపడితే ఎందుకిస్తుంది? చెట్టు మొదట్లో చిటికెడు పొగాకు పెట్టు, అడుగు, కూర్చో. వచ్చినా సరే, వెంటనే కాల్చకు. నాలుగు ఊపిర్లు తీసుకో. నాలుగూ చూస్తూ తీసుకో."

"నాలుగు ఊపిర్లలో పారిపోతే?"

"పోనీ. నీది కాదన్నమాట."

ఆమె నేర్చుకుంది. ఎంత నొప్పిగా నేర్చుకుందో ఆమె నడుముని అడగాలి. బోర్లించిన ప్లాస్టిక్ బకెట్టు మీద, నారింజ రంగు కోటులో, మొదట గంట, తర్వాత రెండు గంటలు, నవంబరు వచ్చేసరికి ఐదు గంటలు. చలి కాళ్ళలోంచి మెల్లగా ఎక్కి మోకాళ్ళ దగ్గర ఆగేది. ఉడుత పరుగు ఏదో, ఎలుక పరుగు ఏదో చెవికి తెలిసింది. మొదటి వారం తలనిండా పాత బాకీలు, పాత మొగుడు, వ్యాను బ్రేకులు. తర్వాత అవేవీ లేవు. అడవి మాత్రం ఉంది.

అలా కుదురుగా కూర్చోవడం వచ్చాకే, అడవిలో ఏదో సరిగ్గా లేదని ఆమెకి తెలియడం మొదలైంది.

ముందు ఆ వలయం కనిపించింది. ఆమె పొగాకు పెట్టే దేవదారు చెట్టు చుట్టూ, కొత్త మంచులో, గుండ్రంగా తొక్కిన బాట. జింక గిట్టలే. ఎక్కడి నుంచో వచ్చిన అడుగులు ఆ వలయంలో కలిశాయి. ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టలేనంతగా మంచు నేల దాకా అరిగిపోయింది. చెట్టు బెరడు కొరకలేదు, చిగురు తినలేదు. ఊరికే తిరిగింది. ఒక కొమ్మకి ఏదో సన్నని దారంలా వేలాడుతూ గడ్డకట్టి ఉంది. వేలితో తాకబోయి ఆగింది.

తర్వాతి శనివారం ఆ బాట ఇంకా లోతుగా ఉంది. ఆమె బకెట్టు చుట్టూ కూడా ఒక వలయం తిరిగి ఉంది.

ట్రక్కులోకి వచ్చి చెప్పింది. మెర్ల్ ముఖం వెలిగిపోయింది. "పొగాకు పెట్టిన దేవదారు చుట్టూనా? నీ బకెట్టు చుట్టూనా? ఒసేయ్, అది నిన్ను చూసి పెట్టుకుందే! మా నాన్న ఇలాంటి జింక గురించి చెప్పేవాడు. ఇచ్చుకోవడానికి వస్తోంది."

"నాకు భయమేస్తోంది మావయ్యా."

"వెయ్యాలి. మొదటిసారి కదా."

అతను ఆ రాత్రే ఎడ్నాకి చెప్పాడు. ఎడ్నా అడవి బియ్యం నానబెడతానంది. రోజ్‌మేరీ ముసలమ్మ తొంభై ఒకటో ఏట పళ్ళసెట్టు సరిచేయించుకుంది.

డిసెంబరు మొదటి శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. మంచు పడటం ఆగింది. గాలి లేదు. ఉడుతలు లేవు. కాకి కూడా అరవడం లేదు. నోరీన్‌కి తన గుండె కోటు లోపల కొట్టుకోవడం వినిపిస్తోంది.

అది వచ్చింది. మగది, ఎనిమిది మొనల కొమ్ములున్న పెద్దది. చెట్ల మధ్య నుంచి నేరుగా వచ్చింది. జింక నడిచినట్టు ఆగి, విని, మళ్ళీ అడుగేసి రాలేదు. పిలిచినట్టు వచ్చింది. ఇరవై అడుగులు. పది. ఆమె తుపాకి ఎక్కుపెట్టింది. అది ఆగలేదు. ఐదు అడుగుల దూరంలోకి వచ్చి నిలబడింది. ముక్కు తుపాకి గొట్టానికి దాదాపు ఆనింది.

ఒక ఊపిరి. భోజనశాలలో నలభై మంది బల్లల ముందు ఎదురుచూస్తున్నారు. కాల్చెయ్.

రెండో ఊపిరి. ఆ కళ్ళు ఆమె వైపే ఉన్నాయి, కానీ ఆమెని చూడటం లేదు. ఆమె వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు, ఆమెలోంచి వాళ్ళని చూస్తున్నట్టు. నోరీన్ వీపు జలదరించింది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు.

మూడో ఊపిరి. మంచు బరువుకి పక్కన ఒక పెద్ద కొమ్మ ఫెళ్ళున విరిగింది. తుపాకి పేలినంత చప్పుడు. నోరీన్ ఉలిక్కిపడింది. జింక చెవి తిప్పలేదు.

రెండు చెవుల్లో ఏదీ కదల్లేదు. ఉడుత దగ్గినా చెవి తిప్పే జాతి అది.

నాలుగో ఊపిరికి అన్నీ కనిపించాయి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. గడ్డం కింద చొంగ దారం దారంగా వేలాడుతోంది. ఎడమ చెవిలో గుండ్రటి రంధ్రం. పెంపుడు జింకలకి నంబరు బిళ్ళ కుట్టే చోట, బిళ్ళ ఊడిపోయి చీలిన రంధ్రం.

జింక పక్కకి తిరిగింది. దేవదారు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. పొగాకు ఉన్న వేరు దగ్గర తల దించింది, లేపింది. రెండో చుట్టు. అదే చోట తల దించింది, లేపింది. మూడో చుట్టులోనూ అంతే. గడియారం ముల్లులా తిరుగుతోంది.

దాన్ని అలా వదిలి వెళ్ళడం ఆమె వల్ల కాలేదు. "క్షమించు," అని పైకే అంది. నాలుగో చుట్టులో కాల్చింది. అది కాళ్ళు ముడుచుకుని, బాట మీదే, పడుకున్నట్టు పడిపోయింది.

దూరంగా రోడ్డు మీద ట్రక్కు హారన్ మోగింది. ఒకటి, రెండు, మూడు. మెర్ల్ సంబరం. హారన్ ఆగాక, గెలిచినవాడిలా అతను వేసిన కేక కూడా చెట్ల మీదుగా వినిపించింది.

నోరీన్ కదల్లేదు. ఎందుకంటే చెట్ల మధ్య నుంచి ఇంకొకటి వస్తోంది.

ఆడది. తుపాకి చప్పుడుకి పారిపోలేదు, హారన్‌కి పారిపోలేదు. వచ్చి వలయంలోకి అడుగుపెట్టింది. చచ్చిన మగజింక మీదుగా కాళ్ళెత్తి దాటింది, దుంగని దాటినట్టు. నడిచింది. వేరు దగ్గర తల దించింది, లేపింది. దాని చెవులు రెండూ నిండుగా ఉన్నాయి. రంధ్రం లేదు. ఇది కంచెలో పుట్టింది కాదు. మన అడవిలో పుట్టింది.

ఇంకో గుండు ఎక్కించేలోపు అది పరుగెత్తకుండా, తొందర లేకుండా, చెట్లలోకి వెళ్ళిపోయింది.

ట్రక్కు దగ్గర మెర్ల్ కిటికీలోంచి సగం బయటికి వాలి ఉన్నాడు. "ఎడ్నాకి ఫోన్ చేసేశా! కాలేయం ఏదే? గుండె ఏది? చేతికి రక్తమే లేదేం?"

"తేలేదు మావయ్యా. తినకూడదది."

ఆమె అంతా చెప్పింది. మెర్ల్ వింటూ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"అది ఇచ్చుకుంది. నీ ముందుకొచ్చి నిలబడింది. కాదంటే తప్పు. ఇంకెప్పుడూ ఇవ్వవు, నీకే కాదు, ఎవరికీ."

"అది చిక్కిపోయే రోగం, జింకల మెదడుని తినేసేది. ఉడికించినా చావదంట."

"మనిషికంటిందని ఎవడు చూశాడు?"

"ఎవడూ చూళ్ళేదు. అంటదని రాసిచ్చేవాడు కూడా లేడు. రోజ్‌మేరీ అమ్మమ్మ మీద చూద్దామా?"

"నోరు ముయ్యి!"

"కొమ్మ విరిగింది మావయ్యా. ఇంత దూరంలో. చెవి తిప్పలేదు."

మెర్ల్ చెయ్యి స్టీరింగ్ మీద ఆగింది. "ఏ చెవి?"

"రెండూ."

అతను అడవి వైపు చూశాడు. వెళ్ళి చూడ్డానికి కాలు లేదు. "ఇచ్చుకునేదానికి భయం ఉంటుందే. వణుకుతూనే నిలబడుతుంది. అందుకే దానికి దణ్ణం పెడతాం. దీనికి భయమే లేదంటే... ఇవ్వడానికి లోపలెవరూ లేరు." ముక్కు చీదుకున్నాడు. "ఎడ్నాకి నేనే చెప్తా. నువ్వు చెప్తే నిన్ను తిడుతుంది."

ఎడ్నా ఎవర్నీ తిట్టలేదు. తోమిన గిన్నెలు మళ్ళీ బోర్లించింది. ఆదివారం నలభై మందికీ మాంసం లేని అడవి బియ్యం వడ్డించింది. నోరీన్ నిలబడి వడ్డిస్తానంటే, "కూర్చో. ఇది విందు కాదు, నువ్వూ తినాలి," అంది. ఆ మాట తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

జింక తల కోయించి పరీక్షకి పంపారు. రెండు వారాలకి రోగం ఉందని వచ్చింది. తెగిన కంచె సంగతి, దాని మీద పెట్టిన సంతకం సంగతి అప్పుడే ఊరందరికీ తెలిసింది. నోరీన్ మాత్రం వెళ్ళడం మానలేదు. ప్రతి శనివారం, ప్రతి ఆదివారం, వేరే లోయలో బకెట్టు వేసుకుని కూర్చుంది. జనవరి మొదటి వారంలో వేట కాలం ముగిసేదాకా కూర్చుంది. రెండుసార్లు జింకలు కనిపించాయి. చెవులు తిప్పుతున్నాయా అని చూస్తుండగానే తోకలెత్తి పారిపోయాయి. అవి పారిపోతుంటే ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ ఏడు ఆమెని ఎవరూ వేటగత్తె అనలేదు.

కాలం ముగిసిన వారానికి, ఆ సంతకం పెట్టిన ఆఫీసరే భోజనశాలకి వచ్చాడు. కాఫీ పుచ్చుకున్నాడు. కంచె విషయం పరిశీలనలో ఉందన్నాడు. లోపలి జింకలు ఒకరి సొత్తు కాబట్టి తొందరపడటం కుదరదన్నాడు. "దయచేసి అందరూ కాస్త ఓపిక పట్టండి," అన్నాడు.

వెనక బల్ల దగ్గర నోరీన్ లేచింది.

"ఓపిక నాకు చెప్పకు. నాలుగు నెలలు బకెట్టు మీద కూర్చుని నేర్చుకున్నా. ఓపికంటే కళ్ళు తెరుచుకుని ఉండటం, వేలు తుపాకి మీద ఉంచుకుని ఉండటం. నువ్వు కారులో హీటరేసుకుని కునుకు తీశావు. దానికి ఆ పేరు పెట్టకు."

"అమ్మా, మీ బాధ నాకు..."

"నాకు అమ్మా వద్దు, బాధా వద్దు. రాసుకో. పెన్నుందా?"

మెర్ల్ తన చొక్కా జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద దొర్లించాడు. అది ఆఫీసరు కప్పు దగ్గర ఆగింది. ఎడ్నా తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇవాళే ఆ కంచె మూయించు. ఒకటి కాదు, మధ్యలో మనిషి నడిచేంత ఎడంతో రెండు వరసలు. లోపలున్న ప్రతి జింకనీ చంపి తల పరీక్ష చేయించు. దొర ఏడిస్తే ఏడవనీ. ప్రతి అడవి రోడ్డు మొదట్లో తలలు వేసే పెట్టె పెట్టించు, ఫలితం మూడు రోజుల్లో మా చేతికి రావాలి. కంచె బాగుందని సంతకం పెట్టినవాడి పేరు ఈ గోడ మీద రాయి, మేం చదువుకుంటాం. వీళ్ళకి తినడానికి పరీక్షించిన మాంసం పంపించు, ఈ ఫ్రీజరు నిండేదాకా. ఆడజింకలు ఈనేలోపు అయిపోవాలి ఇదంతా. రాశావా? కింద సంతకం పెట్టు. ఈసారి వెళ్ళి చూసి పెట్టు. లే, కోటు వేసుకో. నేను తీసుకెళ్తా."