జీరో పవర్ కళ్ళు

అది ఎనభయ్యారో, ఎనభయ్యేడో. మా నటేశన్‌కు పోలీసు సెలక్షన్‌లో ఎత్తు సరిపోయింది, పరుగు సరిపోయింది. మిగిలింది కళ్ళు. అద్దాలు తీస్తే కన్నతల్లిని, నా మొహమే వాడికి సరిగా కనబడదు, ఇక గోడమీది అక్షరాలేం కనబడతాయి? వాళ్ళ నాయన పనిచేసే మిల్లు మూతపడి ఏడాదైంది. కంటి పరీక్షకు రెండు నెలలే గడువు. ఆ ఉద్యోగం తప్ప మాకు వేరే దారి లేదని మా పేట ఉప్పళంలో అందరికీ తెలుసు.

ఒకరోజు వాడు ఊళ్ళోని వైట్ టౌన్ ఆసుపత్రి నుంచి సైకిలు మీద వచ్చి, చల్లకొచ్చి ముంత దాచినట్టు, ఏదో కాగితం వెనకాల పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందిరా అది?"

"మద్రాసు నుంచి వారానికొకసారి ఒక కంటి డాక్టరు వస్తాండాడమ్మా. కొత్త ఆపరేషనంట. నల్లగుడ్డు మింద సన్నంగా గీతలు కోస్తారంట. ఇంగ అద్దాలే వద్దంట. ఇంటోళ్ళ సంతకం కావాలంట."

"కంట్లో గీతలా! కన్నేమైతాదిరా?"

వాడు నేలచూపులు చూశాడు. "కంటి పవరు జీరో అయిపోతాదంట."

జీరో పవరంటే నాకు తెలీదా? రోజూ మా పడకగదిలో వెలిగేదే అది, నీలం బల్బు. దాని వెలుతురులో మంచం కోడు కూడా కనబడక కాలు కొట్టుకుంటాను. నా బిడ్డ కళ్ళను ఆ బల్బులా చేసిపెడతాడట! చూపే లేనప్పుడు అద్దాలెందుకు, వద్దనే అంటాడు మరి! నా ఒళ్ళు మండిపోయింది. ఆ డాక్టరు చేతులు పడిపోనూ అని తిట్టాను.

పక్కింటి జయమ్మాళ్ పిట్టగోడ మీంచి తొంగిచూసింది. "నిజమే భాగ్యక్కా. పవరంతా తీసేసినాక కంట్లో ఇంగేముంటాది, గుడ్డే కదా!" అని అగ్నికి ఆజ్యం పోసింది.

మర్నాటిదాకా ఆగితే నేను భాగ్యాన్నే కాదు. అప్పటికప్పుడు వాడి రెక్క పట్టుకుని ఆ డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఆయన పేరు బాలసుబ్రమణ్యం, చిన్నవయసే. బెంచీల మీద జనం ఉన్నారని కూడా చూడలేదు.

"ఏమయ్యా, నా బిడ్డ కంట్లో పవరు తీసేదానికి నువ్వెవరు?" అని అరిచాను. కోపమొస్తే నా నోట తెలుగూ అరవమూ కలిసిపోతాయి. డాక్టరు తెల్లమొహం వేశాడు. నీలం బల్బు సంగతి చెప్పాక గానీ ఆయనకు నా గొడవ బోధపడలేదు. నవ్వి, నటేశన్ అద్దాలు తీసి నా చేతిలో పెట్టి, అరవంలో చెప్పాడు.

"పవరంటే చూపు కాదమ్మా. ఈ అద్దానికి ఒక నంబరు ఉంటుంది, దాన్నే పవరంటాం. ఆ నంబరు జీరో అయితే అద్దం లేకుండానే కనబడుతుంది. కానీ అందరికీ అంత బాగా కుదరకపోవచ్చు..."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. బెంచీల మీద నవ్వులు వినబడి, సిగ్గుతో అద్దాలు నటేశన్ చేతిలో పెట్టి, వాణ్ణి లాక్కుని బయటికి వచ్చేశాను. ఇక తిట్టడానికి నాకు మిగిలింది వీడే.

"ఒరే, అద్దం పవరని ముందే చెప్పి ఏడవచ్చు కదరా! నలుగురిలో నా పరువు గంగలో కలిపితివి!"

వాడు అద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "నాకు మాత్రం ఏం తెలుసమ్మా? ఆయన ఇంగ్లీషులో గబగబా చెప్పినాడు. నేనూ నీ మాదిరే అనుకుంటి."

"ఏమనుకుంటివి?"

"చూపు పోతాదని."

"పోతాదనుకునే సంతకం అడిగితివా?"

"ఒక్కసారిగా పోదులే, పోనుపోను తగ్గుతాదేమో అనుకుంటి. పరీక్ష దాటేదాకా నిలిస్తే చాలు గదమ్మా. ఆనక మసకైనా ఉద్యోగం ఉంటాది."

వాడి చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి నడిచాను. బెంచీల మీదివాళ్ళు మళ్ళీ నవ్వారు. నవ్వుకోనీ.

"డాక్టరయ్యా, మా ఇద్దరికీ ఏమీ తెలవలేదు," అన్నాను. "మొదటినుంచీ చెప్పండి. మెల్లగా చెప్పండి."